ఒకే వాలు, రెండుసార్లు

జార్జ్ మాలరీ గురించి నెట్‌లో వెతికితే ముందు ఎదురయ్యే ప్రశ్న ఒకటే. 1924 జూన్ 8 న ఆయన ఎవరెస్ట్ శిఖరం ఎక్కి దిగుతూ చనిపోయాడా, లేక ఎక్కకుండానే చనిపోయాడా? వందేళ్ళు దాటింది, జవాబు దొరకలేదు. దీని మీద పుస్తకాలున్నాయి, డాక్యుమెంటరీలున్నాయి, రాత్రి రెండింటి దాకా వాదించుకునే జనం కూడా ఉన్నారు.

నేను ఆయన గురించి చదవడం మొదలుపెట్టింది కూడా ఆ ప్రశ్నతోనే. కానీ చదివేకొద్దీ నా దృష్టి శిఖరం మీద నుంచి కిందికి జారిపోయింది. శిఖరానికి దాదాపు 1,800 మీటర్ల దిగువన నార్త్ కోల్ అనే చోటు ఉంది. కోల్ అంటే రెండు శిఖరాల మధ్య పల్లంగా ఉండే కనుమ. ఆ కనుమకి ఎక్కాలంటే నిటారుగా ఉండే ఒక మంచు వాలు దాటాలి. మాలరీ జీవితంలో అసలు పరీక్ష ఆ వాలు మీదే రెండుసార్లు జరిగింది అని నాకనిపిస్తుంది. మొదటిసారి, 1922 లో, ఆయన వెనక నడిచిన ఏడుగురు చనిపోయారు. రెండోసారి, 1924 లో, ఆయనా ఇంకో ఇద్దరూ వెళ్ళి నలుగురిని బతికించి తీసుకొచ్చారు. అందరూ శిఖరం కథ చెప్తారు కాబట్టి నేను ఈ వాలు కథ చెప్తాను.

వరంగల్ వాడికి మంచుతో ఏం పని అని మీరు అడగొచ్చు. మే నెలలో 44 డిగ్రీల ఎండలో కూర్చుని మంచు గురించి రాయడం నాకూ కొంచెం వింతగానే ఉంది. మన భాషలో పొగమంచు, మంచుబిందువు, మంచుగడ్డ, మంచుకొండ అన్నిటికీ మంచు అనే ఒక్క మాటే, ఎందుకంటే మనకి దానితో అంత అవసరం పడలేదు. అయినా ఆ వాలుకీ మన తెలంగాణకీ ఒక గట్టి సంబంధం ఉంది. అది చివర్లో చెప్తాను. ముందు మనిషి గురించి.

మాలరీ 1886 జూన్ 18 న ఇంగ్లాండ్‌లోని చెషైర్‌లో, మొబర్లీ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి ఆ ఊరి చర్చిలో మతగురువు. ఒక అక్క, ఒక చెల్లి, ఒక తమ్ముడు. చిన్నప్పటి నుంచే కనిపించినదల్లా ఎక్కేవాడు. తండ్రి పనిచేసే చర్చి పైకప్పు కూడా వదల్లేదని చెప్తారు. చదువులో చురుకు. లెక్కల్లో స్కాలర్‌షిప్ తెచ్చుకుని వించెస్టర్ స్కూల్లో చేరాడు. అక్కడ గ్రాహం ఇర్వింగ్ అనే మాస్టారు 1904 లో ఆయన్ని ఆల్ప్స్ పర్వతాలకి తీసుకెళ్ళాడు. పద్దెనిమిదేళ్ళ వయసులో అంటుకున్న ఆ పిచ్చి మళ్ళీ వదల్లేదు.

తర్వాత కేంబ్రిడ్జ్‌లో హిస్టరీ చదివాడు. 1910 లో చార్టర్‌హౌస్ అనే స్కూల్లో టీచర్‌గా చేరాడు. అక్కడ ఆయన దగ్గర చదువుకున్న వాళ్ళలో తర్వాత పెద్ద కవి, నవలాకారుడు అయిన రాబర్ట్ గ్రేవ్స్ ఒకడు. గ్రేవ్స్‌ని వేల్స్ కొండలకి తీసుకెళ్ళి రాళ్ళెక్కడం నేర్పింది మాలరీయే. 1914 జూలై 29 న రూత్ టర్నర్‌ని పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళైన ఆరో రోజున బ్రిటన్ యుద్ధంలోకి దిగింది. ఆయన ఫిరంగి దళంలో ఆఫీసర్‌గా చేరి 1916 లో సోమ్ యుద్ధం చూశాడు. స్నేహితులు చాలామంది తిరిగి రాలేదు. ఆయన వచ్చాడు. ఇద్దరు ఆడపిల్లలు, తర్వాత ఒక మగపిల్లాడు. మళ్ళీ అదే స్కూలు, అవే పాఠాలు.

అప్పుడొచ్చింది ఎవరెస్ట్. నేపాల్ తలుపులు అప్పట్లో విదేశీయులకి మూసే ఉండేవి. టిబెట్ మాత్రం 1921 యాత్రకి అనుమతి ఇచ్చింది. అందుకే డార్జిలింగ్ నుంచి బయల్దేరి, టిబెట్ పీఠభూమి మీదుగా చుట్టు తిరిగి, కొండకి ఉత్తరం వైపు చేరాలి. మొదటి యాత్ర దారి వెతకడానికే. ఆ నడకలోనే, కొండ దగ్గరికి చేరకముందే, అలెగ్జాండర్ కెల్లాస్ అనే అనుభవజ్ఞుడు అనారోగ్యంతో చనిపోయాడు. మిగిలిన వాళ్ళలో ఆల్ప్స్ మీద మంచి అనుభవం ఉన్నది మాలరీకి, ఆయన పాత స్కూల్‌మేట్ గై బుల్లాక్‌కి.

మాలరీ ఎక్కడంలో గొప్పవాడే గానీ వస్తువులతో మహా మతిమరుపు మనిషి. ఆ యాత్రలో కెమెరా ప్లేట్లు తిరగేసి పెట్టి, తీసిన ఫోటోలు చాలావరకు పాడుచేశాడు. నార్త్ కోల్‌కి దారి చూపించే తూర్పు రోంగ్‌బుక్ హిమనదం బయటికి వచ్చే చోటు పక్క నుంచే వెళ్ళి కూడా దాన్ని పట్టించుకోలేదు. దాన్ని గుర్తించింది సర్వే ఆఫ్ ఇండియా తరఫున వచ్చిన కెనడా సర్వేయర్ ఆలివర్ వీలర్. ఏదైతేనేం, 1921 సెప్టెంబర్ 24 న మాలరీ నార్త్ కోల్ మీద నిలబడ్డాడు. అక్కడి నుంచి పైకి దారి కనిపించింది. గాలి మాత్రం నిలబడనివ్వలేదు.

ఇక్కడ సీజన్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని మీదే నడుస్తుంది. ఎవరెస్ట్ పైభాగంలో ఏడాదిలో ఎక్కువ కాలం గాలులు భయంకరంగా ఉంటాయి. మే నెలలో అవి కాస్త తగ్గుతాయి. ఆ తర్వాత కొద్ది వారాల్లో నైరుతి రుతుపవనాలు వచ్చేస్తాయి. మనకి జూన్‌లో తొలకరి ఇచ్చే ఆ మేఘాలే అక్కడ మంచు కురిపిస్తాయి. అంటే గాలి తగ్గడానికీ మంచు మొదలవడానికీ మధ్య దొరికే సన్నని సందులోనే పని కావాలి. ఆ సందు వసంతం చివర్లో వస్తుంది. రాత్రి గడ్డకట్టిన మంచు పగటి ఎండకి మెత్తబడేది కూడా అప్పుడే. ఎక్కడానికి మంచి కాలమూ, మంచు జారే కాలమూ ఒకదాని మీద ఒకటి పడతాయన్నమాట.

1922 యాత్రకి జనరల్ చార్లెస్ బ్రూస్ నాయకుడు. మే 21 న మాలరీ, నార్టన్, సోమర్వెల్ ఆక్సిజన్ లేకుండా 8,200 మీటర్లు దాటి వెళ్ళారు. అంతకుముందు మనిషెవరూ అంత ఎత్తు ఎక్కలేదు. దిగేటప్పుడు తాడు మీద ఉన్నవాళ్ళలో ముగ్గురు జారితే మాలరీ ఐస్ గొడ్డలి మంచులో దిగ్గొట్టి, తాడు దానికి చుట్టి అందరినీ ఆపాడు. మే 27 న ఫించ్, జెఫ్రీ బ్రూస్ ఆక్సిజన్ సిలిండర్లతో ఇంకాస్త పైకి, 8,300 మీటర్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చారు. అక్కడితో ఆపొచ్చు. మనుషులు అలిసిపోయారు, కొందరికి మంచుకాటు తగిలింది. కానీ ఇంకొక్క ప్రయత్నం అనుకున్నారు.

జూన్ మొదటి వారంలో మంచు బాగా కురిసింది. రుతుపవనం వచ్చేసిందనే అనుకున్నారు. తర్వాత ఆకాశం తేటపడింది. కొత్త మంచు కుదురుకోవడానికి కొంచెం ఆగి, జూన్ 7 పొద్దున బయల్దేరారు. మనం ఇక్కడ మృగశిర కార్తె వస్తోందని చేపల బజార్‌కి వెళ్ళే రోజులవి. మొత్తం 17 మంది. మాలరీ, సోమర్వెల్, క్రాఫర్డ్ అనే ముగ్గురు ఇంగ్లీషు వాళ్ళు, సామాన్లు మోసే 14 మంది పోర్టర్లు. నాలుగు తాళ్ళుగా కట్టుకున్నారు. ముందు తాడులో ముగ్గురు ఇంగ్లీషు వాళ్ళూ ఒక పోర్టరూ. వెనక మూడు తాళ్ళలో మిగతా పోర్టర్లు.

వాళ్ళకి ప్రమాదం తెలియక కాదు. కింద ఒక నిటారు చోట మంచుని పరీక్షగా తొక్కి చూశారు. అది జారలేదు. అక్కడ జారలేదు కాబట్టి పైన ఇంకా తక్కువ వాలు ఉన్నచోట అసలు జారదు అనుకున్నారు. సీఎస్ఈ వాడిగా నాకు ఇది చదవగానే ల్యాబ్ గుర్తొచ్చింది. ఒక్క టెస్ట్ కేస్ పాస్ అయింది కాబట్టి ప్రోగ్రామ్ మొత్తం కరెక్ట్ అనుకోవడం ఇలాంటిదే. మంచు అన్ని చోట్లా ఒకేలా ఉండదు. వంద అడుగుల దూరంలో గాలి వేరు, ఎండ వేరు, కింద పొర వేరు.

మోకాళ్ళ లోతు మంచులో మెల్లగా ఎక్కుతున్నారు. గాలి లేదు, ఎండ మండిపోతోంది. మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో, కనుమ ఇంకో 600 అడుగులు ఉందనగా, ఒక శబ్దం వచ్చింది. కాస్త పైన మంచు అడ్డంగా చీలింది. వాళ్ళు నిలబడిన నేలే కదలడం మొదలుపెట్టింది. ముందు తాడు వాళ్ళు కొంత దూరం జారి, మంచులో కూరుకుని, ఈదినట్టు చేతులు ఆడిస్తూ బయటపడ్డారు. వాళ్ళ వెనక తాడులో నలుగురు ఇంకా కిందికి వెళ్ళి ఆగారు. చివరి రెండు తాళ్ళలో ఉన్న తొమ్మిది మందిని మంచు ఒక నిటారు ఐస్ గోడ మీదుగా, 40 నుంచి 60 అడుగుల కిందికి, ఒక బీటలోకి తోసేసి పైన కప్పేసింది.

మాలరీ వాళ్ళు దిగి చేతులతో, గొడ్డళ్ళతో తవ్వారు. ఇద్దరు ప్రాణాలతో దొరికారు. ఏడుగురు చనిపోయారు. ఎవరెస్ట్ ఎక్కుతూ చనిపోయినవాళ్ళ లెక్క వాళ్ళతోనే మొదలవుతుంది. తోటి పోర్టర్లు శవాలని అక్కడే ఉంచమన్నారు. కింద క్యాంప్ దగ్గర రాళ్ళు పేర్చి ఒక గుర్తు కట్టారు. 1924 లో ఫ్రాన్స్‌లోని షామొనీలో జరిగిన మొదటి వింటర్ ఒలింపిక్స్‌లో ఈ యాత్రకి పర్వతారోహణ పతకాలు ఇచ్చినప్పుడు చనిపోయిన ఏడుగురినీ ఆ జాబితాలో చేర్చారు.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. మన పేపర్లలో ఇలాంటి వార్త వస్తే మంచుచరియలు విరిగిపడి ఇంతమంది మృతి అని రాస్తారు. కొండచరియలు అనే మాట నుంచి వచ్చింది ఇది. చదివితే పైన ఎక్కడో ఏదో విరిగి, పాపం కింద నడిచేవాళ్ళ మీద పడింది అనిపిస్తుంది. అలాంటివీ జరుగుతాయి. కానీ కొండలకి వెళ్ళేవాళ్ళని చంపే అవలాంచ్‌లలో పదింట తొమ్మిది అలా రావు. అందులో చిక్కుకున్న మనిషో, అతని గుంపులో ఇంకొకరో అడుగేయడం వల్లే అవి మొదలవుతాయి. 1922 లో జరిగిందీ బహుశా అదే.

ఇది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి హిమాలయాలు అక్కర్లేదు. ఎనుమాముల మార్కెట్లో వడ్ల రాశి మీద ఇంకో బస్తా కుమ్మరిస్తే పక్క నుంచి కొన్ని గింజలు జారతాయి చూడండి. వదులు మంచు అలా జారుతుంది. అది ఒక రకం. అసలు ప్రమాదం రెండో రకం. ఒక పళ్ళెంలో పంచదార పలచగా చల్లి, దాని మీద చపాతీ పరిచి, పళ్ళెం మెల్లగా వంచండి. మెస్ చపాతీ లాంటి గట్టిదైతే ఇంకా బాగా తెలుస్తుంది. ఒక దశ దాకా ఏమీ కాదు. తర్వాత చపాతీ మొత్తం ఒకేసారి జారిపోతుంది. పైన గట్టి పొర, కింద పట్టు లేని పొర, అంతే. మనిషి బరువుకి కింది పొరలో ఒకచోట పగులు పుడితే అది క్షణాల్లో వాలు పొడవునా పాకుతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలు దీనికి బాగా అనువైనది. అంతకన్నా నిటారైతే మంచు పెద్దగా పేరుకోకుండానే రాలిపోతుంది, తక్కువైతే జారదు. తమాషా ఏంటంటే ఎక్కేవాళ్ళకి, స్కీయింగ్ చేసేవాళ్ళకి నచ్చే వాలు కూడా అదే. కొత్త మంచు పడ్డాక మొదటి ఒకటి రెండు రోజులు అన్నిటికన్నా చెడ్డవి. దానికి వసంతం ఎండ తోడైతే కరిగిన నీరు పొరల మధ్యకి దిగి ఉన్న పట్టు కూడా వదిలిస్తుంది. మంచు కింద పడ్డవాడిని మొదటి పది పదిహేను నిమిషాల్లో తీస్తే చాలావరకు బతుకుతాడు. ఆ తర్వాత అవకాశం వేగంగా పడిపోతుంది.

ఇప్పుడు మాలరీ వాళ్ళ రోజుని దీని పక్కన పెట్టండి. కొత్త మంచు, నిటారు వాలు, మిట్టమధ్యాహ్నం ఎండ, ఒకే వాలు మీద ఒకేసారి 17 మంది. ఈ లెక్కలు 1922 లో ఇంత స్పష్టంగా ఎవరూ రాసి పెట్టలేదు. కానీ కొత్త మంచు మీద తొందరపడకూడదనే జ్ఞానం ఆల్ప్స్ పల్లెల్లో అప్పటికే ఉంది. మాలరీకి అది తెలుసు. తెలిసీ వెళ్ళాడు, ఎందుకంటే సందు మూసుకుపోతోంది, మళ్ళీ ఇంత డబ్బు, ఇంత అనుమతి ఎప్పుడు వస్తుందో తెలియదు.

ఆయన గురించి నాకు నచ్చిన విషయం ఇక్కడే ఉంది. దీన్ని ఆయన దైవఘటన అని తోసేయలేదు. భార్యకి, స్నేహితులకి రాసిన ఉత్తరాల్లో నింద తన మీదే వేసుకున్నాడు. ఆ పోర్టర్లు మంచు ప్రమాదాలు తెలిసినవాళ్ళు కాదు, మమ్మల్ని నమ్మి మా వెనక వచ్చారు, వాళ్ళని చూసుకోవాల్సిన బాధ్యత నాది అనే అర్థంలో రాశాడు. సోమర్వెల్‌ని ఇంకో బాధ వెంటాడింది. చనిపోయిన వాళ్ళందరూ స్థానికులే, మాలో ఒక్కరికైనా వాళ్ళ గతి పట్టి ఉంటే ప్రమాదాన్ని సమానంగా పంచుకున్నామని వాళ్ళవాళ్ళకి తెలిసేది కదా అని ఆయన కుమిలిపోయాడు. సోమర్వెల్ డాక్టరు. ఆ యాత్ర తర్వాత దక్షిణాదికి వచ్చి, అప్పటి తిరువితాంకూరులోని నెయ్యూర్ ఆసుపత్రిలో రోగులు పడే అవస్థ చూసి, అక్కడే చాలా ఏళ్ళు సర్జన్‌గా పనిచేశాడు. నెయ్యూర్ ఇప్పుడు తమిళనాడులో ఉంది.

1923 లో మాలరీ అమెరికాలో పర్యటించి లెక్చర్లు ఇచ్చాడు. ఎవరెస్ట్ ఎందుకు ఎక్కాలి అని అక్కడ అడిగితే ఆయన ఇచ్చిన మూడు మాటల జవాబు ఇప్పుడు టీషర్టుల మీద కూడా ఉంటుంది. దాన్ని మళ్ళీ ఇక్కడ రాయను, మీకు తెలుసు. ఆ ఏడాదే కేంబ్రిడ్జ్‌లో కొత్త ఉద్యోగం వచ్చింది, బయటి పెద్దవాళ్ళకి చదువు చెప్పే శాఖలో. ఇల్లు, ముగ్గురు పిల్లలు, నచ్చిన పని. 1924 యాత్రకి పిలుపు వచ్చినప్పుడు వెళ్ళాలా వద్దా అని చాలా ఊగిసలాడాడు. చివరికి వెళ్ళాడు. అప్పటికి ఆయన వయసు 37.

1924 మే నెల వాతావరణం దారుణం. తుఫాను మీద తుఫాను. దారిలోనే జనరల్ బ్రూస్ జ్వరపడితే నార్టన్ నాయకుడయ్యాడు. మే 23 న నార్త్ కోల్ క్యాంప్ నుంచి ఒక గుంపు కిందికి దిగింది. నలుగురు పోర్టర్లు మాత్రం ఆ వాలు మీద కొత్త మంచుకి భయపడి పైనే ఉండిపోయారు. వాళ్ళ భయంలో తప్పు లేదు. రెండేళ్ళ కింద తమవాళ్ళు పోయింది ఆ వాలు మీదే. పైన తిండి తక్కువ, చలి ఎక్కువ. అలాగే వదిలేస్తే చస్తారు. తీసుకురావడానికి వెళ్తే వెళ్ళినవాళ్ళూ చావొచ్చు.

మే 24 న నార్టన్, సోమర్వెల్, మాలరీ ముగ్గురూ బయల్దేరారు. ముగ్గురికీ ఒంట్లో బాగాలేదు, సోమర్వెల్‌కి ఆగని దగ్గు. శిఖరం కోసం దాచుకున్న బలం దీనికి ఖర్చయితే మళ్ళీ రాదని వాళ్ళకి తెలుసు. అయినా వెళ్ళారు. ఈసారి వెళ్ళిన తీరు వేరు. 1922 లో 17 మంది ఒకేసారి వాలు మీద ఉన్నారు. ఇప్పుడు ప్రమాదమున్న చోట ఒక్కరే కదిలారు, మిగతావాళ్ళు గట్టి చోట నిలబడి తాడు పట్టుకున్నారు. చివరి అడ్డవాలు మీదికి సోమర్వెల్ వెళ్ళాడు. దాదాపు 200 అడుగుల తాడు మొత్తం అయిపోయింది, పోర్టర్లు ఇంకో పది గజాల అవతల ఉన్నారు. అంత దూరం వాళ్ళే తాడు లేకుండా రావాలి.

ఇద్దరు క్షేమంగా వచ్చారు. మిగతా ఇద్దరూ కలిసి అడుగేశారు. మంచు కదిలింది, వాళ్ళు జారారు, అదృష్టం కొద్దీ అంచుకి ముందే ఆగారు. కదలకుండా కూర్చోమని చెప్పి, సోమర్వెల్ తన నడుముకున్న తాడు విప్పి, మంచులో పాతిన గొడ్డలికి చుట్టి, తాడు చివర ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి చాచి ఒక్కొక్కరినీ కాలర్ పట్టుకుని లాగాడు. నార్టన్, మాలరీ ఇవతల తాడు బిగపట్టి నిలబడ్డారు. చీకటి పడ్డాక ఏడుగురూ కిందికి చేరారు. 1922 లో అదే కనుమ కింద చనిపోయింది కూడా ఏడుగురే.

దీని తర్వాతి రెండు వారాలు ప్రపంచమంతటికీ తెలుసు. జూన్ 4 న నార్టన్ ఆక్సిజన్ లేకుండా దాదాపు 8,570 మీటర్లు ఎక్కాడు. ఆ రికార్డ్ 1978 దాకా ఎవరూ దాటలేదు. దగ్గుతో ఊపిరాడక సోమర్వెల్ మధ్యలోనే ఆగిపోయాడు. జూన్ 8 న మాలరీ, ఆండ్రూ ఇర్విన్ ఆఖరి క్యాంప్ నుంచి ఆక్సిజన్‌తో బయల్దేరారు. ఇర్విన్‌కి 22 ఏళ్ళు, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతున్న మన లాంటి ఇంజనీరింగ్ స్టూడెంట్. మొరాయించే ఆక్సిజన్ సెట్లని గుడారంలో కూర్చుని విప్పి, మార్చి, బాగుచేసింది అతనే. మధ్యాహ్నం 12:50 కి మేఘాలు కాస్త తొలగినప్పుడు ఓడెల్ అనే సహచరుడు శిఖరం కింది అంచు మీద ఇద్దరూ కదులుతుండగా చూశాడు. మళ్ళీ మబ్బు కమ్మింది. ఆ తర్వాత వాళ్ళని ఎవరూ ప్రాణాలతో చూడలేదు.

మాలరీ శరీరం 75 ఏళ్ళ తర్వాత, 1999 మే 1 న, 8,157 మీటర్ల ఎత్తులో దొరికింది. నడుముకి తాడు ఉంది, కాలు విరిగి ఉంది. జారిపడి చనిపోయాడని దాన్ని బట్టి తెలిసింది. 2024 లో కింద హిమనదం మీద ఇర్విన్ పేరు కుట్టిన మేజోడు, బూటు, అందులో అతని పాదం దొరికాయి. మాలరీ తమ్ముడు ట్రాఫర్డ్ రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వైమానిక దళంలో పెద్ద ఆఫీసర్ అయ్యాడు. 1944 నవంబర్‌లో ఆయన విమానం ఆల్ప్స్ కొండల్లో కూలి ఆయనా పోయాడు. అన్నదమ్ములిద్దరూ కొండలకే పోయారు.

ఇక మొదట్లో చెప్తానన్న సంబంధం. వరంగల్ నుంచి హైదరాబాద్ వెళ్తుంటే భువనగిరి గుట్ట కనిపిస్తుంది కదా, ఒకే పెద్ద రాయి. మనది ఓరుగల్లు, పేరులోనే ఒక రాయి ఉంది. కాబట్టి ఆ గుట్టని చూస్తే మనకి కొంచెం బంధువులా అనిపించాలి. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల పిల్లలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆ రాయి మీదే ఎక్కడం నేర్చుకున్నారు. పూర్ణది నిజామాబాద్ జిల్లా పాకాల, ఆనంద్‌ది ఖమ్మం జిల్లా. 2014 మే 25 న ఇద్దరూ ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. వాళ్ళు వెళ్ళింది టిబెట్ వైపు నుంచి, అంటే నార్త్ కోల్ మీదుగా. మాలరీ రెండుసార్లు పరీక్షకి నిలబడిన ఆ కనుమకే మన పిల్లలూ ఎక్కారు. ఆ ఏడాదే ఏప్రిల్ 18 న నేపాల్ వైపు ఖుంబు హిమపాతంలో పెద్ద ఐస్ ముక్క విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. తొంభై రెండేళ్ళ తర్వాత కూడా ముందు పోయింది మోసేవాళ్ళే.

ఇప్పుడు శాటిలైట్ డేటా ఉంది, వాతావరణ మోడల్స్ ఉన్నాయి. మన దేశంలో డీఆర్‌డీఓకి చెందిన డీజీఆర్‌ఈ హిమాలయాలకి అవలాంచ్ హెచ్చరికలు ఇస్తుంది. ప్రమాదాన్ని 1 నుంచి 5 దాకా అంకెల్లో చెప్పే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. స్విట్జర్లాండ్‌లో ఎక్కువ మంది చనిపోయేది 5 ఉన్న రోజుల్లో కాదు, 3 ఉన్న రోజుల్లో. 5 అంటే ఎవరూ కదలరు. 3 అంటే ఏం కాదులే అని బయల్దేరతారు. డేటా ఎంత ఉన్నా, వెళ్దామా ఆగుదామా అన్న నిర్ణయం 1922 జూన్ 7 పొద్దున ఎంత కష్టమో ఇప్పుడూ అంతే కష్టం.

మన కాలేజీల నుంచి కూడా ఏటా ఎంతోమంది ఉత్తరాఖండ్, హిమాచల్ ట్రెక్కింగ్‌లకి వెళ్తున్నారు. మార్చి, ఏప్రిల్ అంటే సెమిస్టర్ మధ్యలో నాలుగు సెలవులు కలిసొచ్చే టైమ్. ఎవరైనా వెళ్తుంటే ఈ నాలుగు అడగండి. గత రెండు రోజుల్లో కొత్త మంచు పడిందా? మనం దాటే వాలు, దాని పైనున్న వాలు ఎంత నిటారు? ఎండెక్కకముందే దాటేస్తామా? ప్రమాదమున్న చోట ఒక్కొక్కరుగా దాటుతామా, గుంపుగానా? గైడ్ వద్దు అంటే టికెట్ డబ్బులు పోయినా వెనక్కి రండి.

ఐదోది కూడా ఒకటుంది. మన టెంట్లు, గిన్నెలు, సిలిండర్ మోస్తూ వెనకాల వచ్చే మనిషి ఎవరు, అతనికి ఈ వాలు మీదికి రాను అని చెప్పే వీలుందా? 1922 లో చివరి రెండు తాళ్ళలో ఉన్న తొమ్మిది మందిని ఆ మాట ఎవరూ అడగలేదు. 1924 లో పైన ఉండిపోయిన నలుగురు మాత్రం మేము దిగలేం అని ఆగిపోయారు, ముగ్గురు దాన్ని విని పైకి వెళ్ళారు. మాలరీ శిఖరం ఎక్కాడో లేదో నాకు తెలియదు. ఆ రోజు మాత్రం ఆయన ఆ వాలు ఎక్కి దిగాడు, నలుగురు వాళ్ళ ఇళ్ళకి వెళ్ళారు.